జర్మనీలో కొత్త కాపురం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి జర్మనీలో ఉంటున్నవారు, వెళ్లబోతున్నవారు, వాళ్ల తల్లిదండ్రులు పంపిన ప్రశ్నలు తీసుకున్నాం. వీసా గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. విమానం దిగాక ఇల్లు, వంట, ఉత్తరాలు, గోడ మీద బూజు లాంటి సంగతులు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే వాటికే ఎక్కువ చోటిచ్చాం.

మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి ఆఖెన్ వెళ్లాడు. తాత్కాలికంగా ఒక గది దొరికింది. ‘అద్దె తక్కువ, కానీ ఈ చిరునామా మీద రిజిస్టర్ చేసుకోకూడదు’ అని ఓనరు షరతు పెట్టాడట. రెండు మూడు నెలలే కదా, ఒప్పుకోవచ్చా?
— ఒక తండ్రి, గుంటూరు

ఒప్పుకోవద్దండీ. జర్మనీలో తక్కిన పనులన్నీ ఆ రిజిస్ట్రేషన్ మీదే ఆధారపడి ఉంటాయి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి పౌరసేవల కార్యాలయానికి, అంటే బ్యుర్గర్‌ఆమ్ట్‌కి, వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. రుసుము ఏమీ ఉండదు. పాస్‌పోర్టు, నింపిన ఫారంతో పాటు ఓనరు సంతకం చేసిన ఒక కాగితం కావాలి. ‘ఫలానా తేదీ నుంచి ఈయన మా ఇంట్లో ఉంటున్నాడు’ అని అందులో ఉంటుంది. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పలకడం కష్టమే గానీ గుర్తుపెట్టుకోక తప్పని మాట. అద్దె ఒప్పందం చూపించినంత మాత్రాన ఈ కాగితం తెచ్చినట్టు కాదు, చాలామంది అక్కడే వెనక్కి వస్తారు. ఇది ఇవ్వడం ఓనరు దయ కాదు, చట్టం ప్రకారం అతని బాధ్యత.

నమోదు కాకపోతే ఏం ఆగిపోతాయో చూడండి. పన్ను గుర్తింపు సంఖ్య నమోదైన కొన్ని వారాలకు పోస్టులో ఇంటికే వస్తుంది. అది ఇవ్వకుండా పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరితే జీతంలో 6వ పన్ను తరగతి కింద, అన్నిటికన్నా ఎక్కువగా, పన్ను కోస్తారు. ఏడాది చివర రిటర్ను వేస్తే ఎక్కువ కోసింది తిరిగి వస్తుంది గానీ, అప్పటిదాకా ఖర్చులకు ఇబ్బందే. వీసా గడువు ముగిసేలోపు విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతి తీసుకోవాలి. దానికీ ఈ నమోదు పత్రం అడుగుతారు. బ్లాక్డ్ అకౌంటులోని డబ్బు, అంటే వీసా కోసం ముందే జమ చేసిన ఖర్చుల సొమ్ము, నెలకు 992 యూరోల చొప్పున అందుకోవడానికి మామూలు ఖాతా ఒకటి కావాలి. దాన్ని తెరవడానికి కొన్ని బ్యాంకులు అదే పత్రం చూపించమంటాయి.

‘ఉండేది ఇక్కడ, ఇంకెవరింట్లోనో నమోదు చేసుకుంటే సరి’ అని స్నేహితులు సలహా ఇస్తారు. ఆ పని చెయ్యనివ్వకండి. ఉండని ఇంటి చిరునామా ఇచ్చినవారికి 50,000 యూరోల వరకు జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. సాయం చేయబోయిన స్నేహితుడే ఇరుక్కుంటాడు.

నమోదయ్యాక కూడా మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది: పోస్టుడబ్బా. అక్కడ అపార్ట్‌మెంట్లకు మన ఫ్లాట్ నంబర్ల లాంటివి సాధారణంగా ఉండవు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీది ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే పన్ను సంఖ్య ఉన్న కవరు వచ్చినదారినే పోతుంది. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరునే డబ్బా మీద అతికించాలి. గదిలో దిగిన రోజే చెయ్యాల్సిన పని ఇది. ఒకరి ఫ్లాట్‌లో ఉప అద్దెకు ఉంటే, డబ్బా మీద అసలు అద్దెదారు పేరుతో పాటు మీవాడి పేరు కూడా ఉండేలా చూడాలి. మన పాస్‌పోర్టుల్లో కొన్నింటికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొన్నింటిలో మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. కార్యాలయంలో పేరును ఎలా రాశారో పత్రం చేతికిచ్చినప్పుడే చదువుకుని, తప్పుంటే అక్కడే దిద్దించుకోవాలి. ఆ తప్పే తర్వాత బ్యాంకుకూ బీమాకూ పాకుతుంది.

నమోదైన కొద్దిరోజులకు ప్రసార రుసుము కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. టీవీ లేదని దాన్ని పక్కన పడేస్తే బాకీ నమోదు తేదీ నుంచే పెరుగుతూ పోతుంది. ఈ రుసుము మనిషికి కాదు, ఇంటికి. కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే, వాళ్ల రుసుము ఖాతా సంఖ్య రాసి జవాబు పంపితే మీవాడు విడిగా కట్టనక్కర్లేదు.

ఇక మోసం సంగతి. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అనే ఇల్లు నిజంగా ఉండదు. గది చూడకుండా, ఒప్పందం మీద సంతకాలు కాకుండా ఒక్క యూరో పంపకండి.

ఇద్దరు పిల్లలతో హానోవర్‌లో పాత ఇంట్లో ఉంటున్నాం. చలికాలం రాగానే పడకగది మూలన, బీరువా వెనక నల్లగా బూజు పట్టింది. ఓనరు వచ్చి చూసి ‘మీ వంటల వల్లే’ అన్నారు. తప్పు నిజంగా మాదేనా? ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, హానోవర్

మీది కావచ్చు, ఇంటిది కావచ్చు, చాలాసార్లు రెండూ ఉంటాయి. అది తేలాలంటే ముందు బూజు ఎలా పడుతుందో తెలియాలి. దీనికి కాస్త ఎక్కువే రాస్తున్నాం, ఎందుకంటే పిల్లల ఊపిరి సంగతి ఇది.

నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానాలు, వంట, ఉతికిన బట్టలు అన్నీ కలిసి రోజుకు దాదాపు 10 లీటర్ల నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతాయి. మన ఊళ్లలో కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి అది బయటికి పోతుంది. అక్కడ చలికి కిటికీలు బిగిస్తాం. ఆ ఆవిరి వెళ్లి గదిలో అన్నిటికన్నా చల్లగా ఉన్న గోడను పట్టుకుంటుంది. గది 20 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం ఉందనుకుందాం. గోడ ఉపరితలం 12.6 డిగ్రీల కన్నా చల్లబడితే అక్కడ బూజుకు చాలినంత తేమ చేరుతుంది. నీటి చుక్కలు కనబడాల్సిన పని కూడా లేదు. బయటి గోడల మూలలు, కిటికీ చుట్టూ గోడ, బయటి గోడకు ఆనించిన బీరువా వెనక భాగం, ఇవే చల్లని చోట్లు. బీరువా వెనక్కి గది వేడి చేరదు, తేమ మాత్రం చేరుతుంది.

ముందుగా 10-15 యూరోలకు దొరికే తేమ కొలిచే పరికరం ఒకటి కొని పడకగదిలో పెట్టండి. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. పొద్దున లేవగానే, వంటయ్యాక, పడుకునే ముందు అంకెలు తేదీతో సహా రాసుకోండి. ఈ పట్టిక తర్వాత ఓనరుతో మాట్లాడేటప్పుడు మీకు సాక్ష్యం.

గాలి మార్చే పద్ధతే అసలు మందు. కిటికీని పైనుంచి కాస్త వంచి రోజంతా వదిలేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే పని. దానివల్ల గాలి పెద్దగా మారదు సరికదా, కిటికీ పైన గోడ చల్లబడి సరిగ్గా అక్కడే బూజు మొదలవుతుంది. పైగా హీటింగ్ బిల్లు పెరుగుతుంది. కిటికీని పూర్తిగా తెరవాలి, వీలైతే ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు. చలికాలంలో 5 నుంచి 10 నిమిషాలు చాలు. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు చెయ్యాలి, ఆ కాసేపు హీటర్ కట్టేయాలి. దీన్ని ష్టోస్‌ల్యుఫ్టెన్ అంటారు. చాలా అద్దె ఒప్పందాల్లో ఈ మాట ఉంటుంది. వాన పడుతున్నా తెరవచ్చు, బయటి చల్లగాలిలో నీరు తక్కువే ఉంటుంది.

పడకగదిలో హీటర్ పూర్తిగా కట్టేసి, హాలు తలుపు తెరిచి దాని వేడితో సరిపెట్టుకుంటున్నారా? ఆ వెచ్చటి తేమగాలి చల్లటి పడకగది గోడకు తగిలి బూజవుతుంది. పడకగదిని 17, 18 డిగ్రీల దగ్గరైనా ఉంచండి, తలుపు మూయండి. హీటర్ మీద 3 అంకె అంటే దాదాపు 20 డిగ్రీలు, 2 అంటే 16. గది తొందరగా వెచ్చబడుతుందని 5 మీద పెట్టడం వృథా. వేడెక్కే వేగం మారదు, 28 డిగ్రీల దాకా ఆగకుండా పోతుందంతే. బీరువాను, మంచాన్ని బయటి గోడకు కనీసం 5 నుంచి 10 సెంటీమీటర్లు ఎడంగా జరపండి.

వంట విషయానికొస్తే, సాంబారు మరుగుతున్నప్పుడు, కుక్కరు విజిల్స్ వేస్తున్నప్పుడు వంటగది తలుపు మూసి ఉంచి, అయ్యాక ఆ కిటికీ పూర్తిగా తెరవండి. పొయ్యి పైన చిమ్నీ ఉంది కదా అని ధైర్యపడకండి. అద్దె ఇళ్లలో చాలావరకు ఉండేవి గాలిని వడకట్టి మళ్లీ వంటగదిలోకే వదిలే రకం. అవి నూనెజిడ్డు, వాసన పట్టుకుంటాయి, ఆవిరిని పట్టుకోలేవు. ఒక మెషీను బట్టలు ఇంట్లో ఆరితే రెండు లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. మీ భవనంలో నేలమాళిగ ఆరబెట్టే గది ఉంటే అది వాడండి. లేకపోతే ఒకే గదిలో ఆరేసి, తలుపు మూసి, ఆ గది గాలి తరచూ మార్చండి.

ఇప్పుడున్న బూజు మొత్తం అర చదరపు మీటరు కన్నా తక్కువైతే మీరే తుడవచ్చు. చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్క్, కళ్లద్దాలు పెట్టుకుని, మందులషాపులో దొరికే 70-80 శాతం ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి తుడవండి. కిటికీ తెరిచి ఉంచాలి, దగ్గర్లో మంట గానీ సిగరెట్ గానీ ఉండకూడదు. తుడిచిన గుడ్డ కవరులో కట్టి చెత్తలో వెయ్యండి. వెనిగర్ వాడకండి. గోడ సున్నం దాని పులుపును విరిచేస్తుంది, మిగిలింది బూజుకే మేత అవుతుంది. పొడిగా ఉన్నప్పుడు చీపురుతో దులిపితే బీజాలు ఇల్లంతా పరుచుకుంటాయి. తుడవక ముందే ఫోటోలు తీసుకోవడం మరవకండి.

ఓనరుకు నోటిమాటగా కాదు, రాతలో తెలియజేయండి: ఏ గది, ఏ మూల, ఎప్పటినుంచి, ఎంత మేర, ఫోటోలు, ఫలానా తేదీలోగా బాగు చేయించమని గడువు. ఇది మీ విధి కూడా. తెలిసీ చెప్పకపోతే పెరిగిన నష్టం మీ మీదికి రావచ్చు. రెండు మూడు వారాలు పైన చెప్పినట్టు చేసి, తేమ 50-55 శాతం దాటకపోయినా అదే మూలన మళ్లీ బూజు వస్తే, లోపం గోడలో ఉందని గట్టిగా అడగవచ్చు. పైపు కారడం, పాత గోడకు చలి ఆపే పొర లేకపోవడం, కొత్త బిగుతు కిటికీలు పెట్టి గోడలు అలాగే వదిలేయడం, ఇలాంటి కారణాలు ఉంటాయి.

లోపానికి అద్దె తగ్గించే హక్కు చట్టంలో ఉంది. అయినా మీ అంతట మీరే తగ్గించి కట్టకండి. లెక్క తప్పితే బాకీగా మారుతుంది. రెండు నెలల అద్దె మేర బాకీ పడితే నోటీసు గడువు లేకుండా ఖాళీ చేయించే వీలుంది. ముందు మీ ఊళ్లోని అద్దెదారుల సంఘంలో, అంటే మీటర్‌ఫెరైన్‌లో, చేరి ఒప్పందం, ఫోటోలు, మీ తేమ పట్టిక చూపించండి. ఏడాది చందా కడితే వాళ్ల న్యాయ సలహాదారులు చదివి ఉత్తరం రాసి పెడతారు.

అమ్మానాన్నలు మూడు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఆవకాయ, నెయ్యి, కరివేపాకు, బంగినపల్లి పళ్లు, అన్నీ తెస్తామంటున్నారు. నాన్నకు షుగర్, బీపీ. ఏం తేవచ్చు, ఏం తేకూడదు?
— ఒక పాఠకుడు, మ్యూనిక్

ఆవకాయ నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. నెయ్యి కుదరదు. ఐరోపా యూనియన్ బయటినుంచి వచ్చేవాళ్లు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, కలాకండ్, పన్నీరు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ వదిలేయాలి. రొయ్యల పచ్చడికీ ఎండుచేపలకీ ఈ నిషేధం లేదు, మనిషికి 20 కిలోల దాకా వీలుంది. తేనె 2 కిలోల వరకు తేవచ్చు.

తాజా కరివేపాకు, మామిడిపళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రం అక్కర్లేని పళ్లు ఐదే: అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్. బంగినపల్లి రుచి ఎంత గుర్తొచ్చినా అమ్మగారిని ఆ శ్రమ పెట్టకండి, విమానాశ్రయంలో తీసి పారేస్తే ఆవిడ మనసే నొచ్చుకుంటుంది. జంతికలు, చెక్కలు, నూనెలో వేయించిన అరిసెలు, కారప్పొడులు, చింతపండు, అప్పడాలు మూటకట్టమనండి. పొడుల మీద పేరు రాసి గట్టిగా సీలు వేయించాలి. నూనె పచ్చళ్లు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. విమానం దుబాయ్ మీదుగా అయితే గసగసాలు ఒక్క చెంచా కూడా పెట్టనివ్వకండి, అక్కడ వాటిని మత్తుపదార్థం కింద లెక్కిస్తారు. జర్మనీలో అవే గసగసాలు మోన్ పేరుతో ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, రంగు మాత్రం నీలం.

మందులు మూడు నెలల వాడకానికి సరిపడా తేవచ్చు. అసలు ప్యాకెట్లలోనే ఉంచాలి, డాక్టరు చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు రసాయన నామం కూడా రాయించాలి. ఇక్కడి బ్రాండ్ పేరు అక్కడి మందులషాపుకు అర్థం కాదు. ఇన్సులిన్ వాడుతుంటే చేతిసంచిలోనే ఉండాలి, కింద సామాన్ల అరలో గడ్డకడితే పనికిరాదు. మత్తు కలిగించే నొప్పి మందులకు నియమాలు వేరు: 30 రోజులకు మించకుండా, డాక్టరు ధ్రువపత్రంతో.

వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాలసీలో చదవాల్సిన వాక్యం ఒక్కటే: పాత జబ్బుల గురించి ఏం రాశారు? చౌక పాలసీల్లో చాలావరకు షుగర్, బీపీ వల్ల వచ్చే ఖర్చు ఇవ్వవు. అకస్మాత్తుగా పరిస్థితి విషమిస్తే ఇస్తామనే పాలసీ వెతకండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ప్రాణాపాయమైతే 112. రాత్రి జ్వరం, కడుపునొప్పి లాంటివైతే 116117కి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న డాక్టరును చెబుతారు. సందర్శకుల బీమా ఉన్నవాళ్లు చాలాసార్లు ముందు తామే డబ్బు కట్టి, బిల్లులు పంపి తిరిగి తెచ్చుకోవాల్సి ఉంటుంది. ప్రతి కాగితం దాచండి.

ఇంకొక్క మాట. ‘మూడు నెలలు’ అని టికెట్లు కొనకండి, 90 రోజులు లెక్కపెట్టి కొనండి. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకొస్తాయి. జులై, ఆగస్టు లాంటి 31 రోజుల నెలలు కలిస్తే మూడు నెలలు 92 రోజులవుతుంది.

మన ప్రెస్టీజ్ కుక్కరు, మిక్సీ అక్కడ పనిచేస్తాయా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

మిక్సీ పనిచేస్తుంది. అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే. మూడు లావు కాళ్ల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్‌లో దూరదు. ఎర్తింగ్ ఉన్న, 10 ఆంపియర్లకు పైబడ్డ అడాప్టర్ కావాలి. ప్రయాణాలకు అమ్మే సన్నరకం అడాప్టర్ మిక్సీకి వద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. ఇడ్లీపిండి శనివారం సాయంత్రమే రుబ్బుకోండి.

కుక్కరు సంగతి పొయ్యిని బట్టి ఉంటుంది. అద్దంలాంటి నల్లటి పొయ్యిలు రెండు రకాలు, చూడటానికి ఒకేలా ఉంటాయి. కింద తీగ ఎర్రబడే రకం మీద అడుగు చదునుగా ఉన్న అల్యూమినియం కుక్కరు పనిచేస్తుంది. ఇండక్షన్ మీద పనిచేయదు. అడుగుకు అయస్కాంతం అతుక్కుంటేనే ఇండక్షన్‌కు పనికొస్తుంది. ఏ పొయ్యి ఉంటుందో తెలియదు కాబట్టి ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కరే కొనండి, రెండిటికీ సరిపోతుంది. ఒక అదనపు గాస్కెట్టు, సేఫ్టీ వాల్వు పెట్టెలో వేసుకోండి, అవి అక్కడ దొరకడం కష్టం.

ఇక్కడి లైసెన్సుతో అక్కడ కారు నడపవచ్చా?
— ఒక పాఠకుడు, వరంగల్

నివాసం మొదలైన రోజు నుంచి ఆరు నెలలు నడపవచ్చు, గుర్తింపు పొందిన అనువాదం వెంట ఉండాలి. ఆ తర్వాత నడిపితే లైసెన్సు లేకుండా నడిపిన నేరమే, బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. జర్మన్ లైసెన్సుకు రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. ఇక్కడి లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవాళ్లకు నిర్ణీత క్లాసుల నిబంధన ఉండదు గానీ డ్రైవింగ్ స్కూలు ద్వారానే పరీక్షకు వెళ్లాలి. కాబట్టి గడువు దగ్గర పడితే ఇక్కడ ఉండగానే రెన్యువల్ చేయించుకోండి. రాతపరీక్ష ఇంగ్లీషులో రాయవచ్చు, తెలుగు, హిందీల్లో లేదు. మనవాళ్లు తప్పే నియమం ఒకటే: బోర్డులేవీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, అది చిన్న సందులోంచి వచ్చినా సరే.

ఉద్యోగానికి వచ్చి రెండేళ్లయింది. హైదరాబాద్‌లోని పాత సేవింగ్స్ ఖాతా అలాగే ఉంది, ఇంటి అద్దె అందులో పడుతోంది. మార్చుకోవాలా?
— ఒక పాఠకుడు, ఫ్రాంక్‌ఫర్ట్

మార్చుకోవాలి, ఇప్పటికే ఆలస్యమైంది. విదేశంలో స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతా ఉంచుకోకూడదు, దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. అద్దె, పింఛను, పొలం కౌలు లాంటి ఇక్కడి రాబడి అందులో పడుతుంది. అక్కడి జీతం పంపుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా విడిగా తెరవాలి. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, దానిపై సెస్సు కోస్తుంది. జర్మనీ పన్ను శాఖ నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చి ఇస్తే ఇరుదేశాల ఒప్పందం ప్రకారం వడ్డీపై 10 శాతానికి తగ్గుతుంది.

చాలామందికి తట్టని సంగతి మరొకటి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి భారత్‌లో పన్ను లేదు, నిజమే. జర్మనీలో ఉంటున్నవారికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన రాబడైనా అక్కడ లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆ వడ్డీ జర్మన్ రిటర్నులో చూపాలి. పెట్టుబడి రాబడిలో మనిషికి ఏడాదికి 1,000 యూరోల దాకా మినహాయింపు ఉంది.

ఊళ్లో భూమి కొనే ఆలోచన ఉంటే గుర్తుంచుకోండి: పాత పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చింది తీసుకోవచ్చు, కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు.

ఇల్లు మారుతున్నాం. ఖాళీ చేస్తున్నామని ఓనరుకు మెయిల్ పెట్టాను, చాలా?
— ఒక పాఠకురాలు, ష్టుట్‌గార్ట్

చాలదండీ. కాగితం మీద, ఒప్పందంలో పేరున్న ఇద్దరూ ఉంటే ఇద్దరూ, పెన్నుతో సంతకం చేసి పంపాలి. మెయిల్, వాట్సాప్ చెల్లవు. గడువు మూడు నెలలు. నెలలో మూడో పనిదినంలోపు ఓనరు చేతికి చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఒక్క రోజు ఆలస్యమైతే ఒక నెల అద్దె అదనంగా పడుతుంది. ఉత్తరం పంపిన తేదీ కాదు, చేరిన తేదీ ముఖ్యం కాబట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, లేదా సాక్షితో వెళ్లి డబ్బాలో వెయ్యండి.

డిపాజిట్ మూడు నెలల మూల అద్దెకు, అంటే హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దెకు, మించి తీసుకోకూడదు. తాళాలిచ్చే రోజు గది గదికీ లోపాలు, మీటర్ల అంకెలు రాసిన అప్పగింత పత్రం మీద ఇద్దరూ సంతకం చేసి, మీ ప్రతి తీసుకోండి. మీరు ఒప్పుకోని వాక్యం ఉంటే సంతకం పెట్టకండి, పక్కన మీ అభ్యంతరం రాయండి. డిపాజిట్ లెక్క చూసుకోవడానికి ఓనరుకు సాధారణంగా ఆరు నెలల దాకా సమయం ఇస్తారు. హీటింగ్ లెక్క ఇంకా రాలేదని కొంత సొమ్ము ఆపవచ్చు, మొత్తం ఆపడానికి వీల్లేదు. ఆ లెక్క సంవత్సరం ముగిసిన 12 నెలల్లో మీకు అందాలి. ఆ తర్వాత పంపితే అదనపు సొమ్ము అడగలేరు. కొత్త చిరునామా, బ్యాంకు ఖాతా సంఖ్య అప్పగింత పత్రంలోనే రాసి ఇవ్వండి.